లండన్ సర్క్యూట్, హైదరాబాద్ ఎండ

ఫిబ్రవరిలో నా చేతులతో చేసుకున్న ఫజ్ పెడల్, అంటే ఎలక్ట్రిక్ గిటారు ధ్వనిని గరుకుగా మార్చే కాలి పెట్టె, ఏప్రిల్ చివరి వారంలో ఒక మధ్యాహ్నం సరిగా పలకడం మానేసింది. గట్టిగా మీటితే స్వరం మొదలయ్యేది, కాసేపు నిలిచేది, కాని తీగ కంపనం తగ్గుతున్న కొద్దీ ధ్వని సన్నగిల్లుతూ పోవడానికి బదులు తునకలు తునకలై ఒక్కసారిగా తెగిపోయేది. మెల్లగా మీటిన స్వరమైతే అసలు బయటికే వచ్చేది కాదు. రెండు నెలల పాటు ప్రతి సాయంత్రం వాయించుకున్న పెడల్ అది. పెట్టె తెరవలేదు, కింద పడేయలేదు, బ్యాటరీ మార్చి పది రోజులు కూడా కాలేదు.

ఆ తర్వాత వారం రోజులు నేను చేసిన పొరపాట్లూ, చివరికి దొరికిన కారణమూ వివరంగా రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. ఎందుకంటే సొంతంగా పెడళ్లు చేసుకునే మనవాళ్లలో చాలామంది సర్క్యూట్ బొమ్మలోని విలువలను శాసనంలా తీసుకుంటారు. బొమ్మలో 8.2 కె (కిలో ఓములు) అని ఉంటే 8.2 కె పెడతారు, పలకకపోతే టంకం తప్పనో, కొన్న విడిభాగం నకిలీదనో అనుకుని మళ్లీ కాలుస్తారు. నేనూ అదే చేశాను. నా అభిప్రాయం ఏమిటంటే, జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసే పెడల్‌లో ఆ విలువలు ఒక ఊరి వాతావరణానికీ, ఒక రోజు చేతికి దొరికిన ట్రాన్సిస్టర్లకూ చెందినవి మాత్రమే. మన గదిలో, మన ట్రాన్సిస్టర్ మీద, మన మీటరుతో కొలిచిన వోల్టేజీయే అసలు ఆధారం. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ప్రాంతంలో ఉంటూ ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోకపోతే ఆ పెడల్‌ను సగమే చేసినట్టు.

నేను చేసింది ఫజ్ ఫేస్ నమూనా. ఐవర్ ఆర్బిటర్ సంస్థ 1966లో లండన్‌లో దీన్ని విడుదల చేసింది. మైకు స్టాండు అడుగున ఉండే గుండ్రటి ఇనుప దిమ్మను పోలిన పెట్టె, రెండు నాబ్‌లు, కాలితో నొక్కే ఒక స్విచ్చి. అమెరికా గిటారిస్టు జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉండటం వల్ల ప్రపంచమంతా తెలిసిన పెడల్ ఇది. లోపల చూస్తే ఇంతేనా అనిపిస్తుంది: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పొటెన్షియోమీటర్లు. తొలి పెడళ్లలో ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్ సంస్థ చేసిన ఎన్‌కేటీ275 అనే పీఎన్‌పీ జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడారు. పీఎన్‌పీ రకంలో ప్లస్, మైనస్ తిరగబడతాయి కాబట్టి బ్యాటరీ ప్లస్ కొనే గ్రౌండ్, అంటే కొలతలకు సున్నా బిందువు, అవుతుంది. మీటరులో వోల్టేజీలన్నీ మైనస్‌తో కనిపిస్తాయి. ఇక్కడ ఆ గుర్తు వదిలేసి రాస్తున్నాను.

పని చేసే తీరు చెప్పకుండా లోపం సంగతి చెప్పలేను. ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: బేస్ దగ్గరి చిన్న కరెంటు, కలెక్టర్, ఎమిటర్‌ల మధ్య పారే పెద్ద కరెంటును నడిపిస్తుంది. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ 33 కె రెసిస్టర్ ద్వారా బ్యాటరీకి చేరుతుంది, అక్కడినుంచి నేరుగా, మధ్యలో కెపాసిటర్ ఏమీ లేకుండా, రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కు వెళుతుంది. రెండో దాని ఎమిటర్ కింద ఫజ్ నాబ్‌గా పనిచేసే 1 కె పాట్ (పొటెన్షియోమీటర్) ఉంటుంది. ఆ ఎమిటర్ నుంచి 100 కె రెసిస్టర్ ఒకటి వెనక్కి వచ్చి మొదటి దాని బేస్‌కు కలుస్తుంది. రెండో దాని కలెక్టర్ మీద 470 ఓములు, 8.2 కె వరుసగా ఉంటాయి, ఆ రెండిటి నడుమ నుంచి ధ్వని బయటికి వస్తుంది. రెండో కలెక్టర్ దగ్గర బ్యాటరీలో సగం, అంటే దాదాపు 4.5 వోల్టులు ఉంటే తరంగం పైకీ కిందికీ సమంగా కదలగలుగుతుంది. ఈ ఒక్క అంకె మీదే పెడల్ స్వభావం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

నా ట్రాన్సిస్టర్లు ఏసీ128 రకానివి. సూర్యాపేటలో ఒకప్పుడు రేడియో రిపేరు దుకాణం నడిపిన మా మేనమామ పాత రేడియోల అవుట్‌పుట్ భాగాల నుంచి పీకి దాచిన ఇరవై రెండు ట్రాన్సిస్టర్లను ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి నాకిచ్చాడు. మిగతా విడిభాగాలన్నీ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నాను. మల్టీమీటరులో ఉండే ట్రాన్సిస్టర్ సాకెట్‌లో పెట్టి చూసి, గెయిన్ (కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చెప్పే అంకె) 88 చూపించిన దాన్ని మొదటి స్థానంలోకి, అంతకన్నా ఎక్కువ చూపించిన దాన్ని రెండో స్థానంలోకి ఎంచుకున్నాను. 8.2 కె పెట్టినప్పుడు రెండో కలెక్టర్ 6.1 వోల్టుల దగ్గర నిలిచింది. దాని స్థానంలో 22 కె ప్రీసెట్ పెట్టి, సన్న స్క్రూడ్రైవరుతో తిప్పి 4.5కు తెచ్చాను. ప్రీసెట్ 13 కె దగ్గర ఆగింది. బొమ్మలోని విలువకూ దీనికీ ఇంత తేడా ఎందుకు వచ్చిందని ఆ రోజే ఆలోచించి ఉండవలసింది. ధ్వని బాగుంది కాబట్టి పెట్టె మూసేశాను.

ఏప్రిల్‌లో పాడైనప్పుడు నా అనుమానం డ్రై సోల్డర్, అంటే సరిగా అతకని టంకం, మీదికి పోయింది. తెగి తెగి వచ్చే ధ్వని వినగానే ఎక్కడో ఒక కీలు వదులైందనుకోవడం సహజం. వెరోబోర్డు మీద ఉన్న ప్రతి కీలునూ మళ్లీ కరిగించాను. విచిత్రమేమిటంటే, ట్రాన్సిస్టర్ కాళ్ల దగ్గర ఐరన్ పెట్టిన ప్రతిసారీ సమస్య ఇంకా పెరిగేది, పది నిమిషాల తర్వాత కొంత తగ్గేది. లోపం అక్కడే ఉందనడానికి ఇదే రుజువని నమ్మి మరింత కాల్చాను. మూడోసారికి రాగి పట్టీ ఒకచోట బోర్డు నుంచి లేచిపోయింది. అంతవరకూ బోర్డులో లేని లోపాన్ని నా చేతులే తెచ్చిపెట్టాయి. ఆ రాగి పట్టీకి తీగ ముక్కతో అతుకు వేసి, ఇన్‌పుట్ దగ్గరి 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చి, అవుట్‌పుట్ దగ్గరి 0.01 కూడా మార్చి, కొత్త బ్యాటరీ పెట్టి చూశాను. ఏమీ మారలేదు. ఐరన్ వేడి వల్ల ట్రాన్సిస్టరే వేడెక్కుతోందనీ, నేను చూస్తున్నది టంకం లోపం కాదు, ఉష్ణోగ్రత ప్రభావమనీ ఆ రెండు సాయంత్రాల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. కారణం కళ్లెదుటే ఆడుతుంటే దాన్ని నా పాత అనుమానానికి సాక్ష్యంగా వాడుకున్నాను.

చివరికి మామకు ఫోను చేశాను. ఏమేం మార్చానో వరుసగా చెబుతుంటే ఆయన మధ్యలోనే ఆపి, "అవన్నీ సరే గాని, ముందుగాల వోల్టేజీలు చూసినవా?" అని అడిగాడు. చూడలేదు. మీటరు పక్కనే ఉంది, వారం రోజులుగా దాన్ని బ్యాటరీ పరీక్షకు మాత్రమే వాడాను. "చూసి కాగితం మీద రాయి, రాసినంక మాట్లాడుదాం" అని ఫోను పెట్టేశాడు. మధ్యాహ్నం మూడు గంటలకు, డాబా మీది నా గదిలో, థర్మామీటరు 40 చూపిస్తుండగా రాసిన అంకెలివి: బ్యాటరీ 9.0, మొదటి కలెక్టర్ 0.2, రెండో ఎమిటర్ 0.12, రెండో కలెక్టర్ 7.4. ఫిబ్రవరిలో నేను 4.5 దగ్గర నిలిపిన స్థానం ఇప్పుడు 7.4కు పాకింది. ధ్వని తెగిపోవడానికి కారణం ఇక వెతకనవసరం లేదు. రెండో ట్రాన్సిస్టర్ దాదాపు నిద్రలో ఉంది. బలమైన సంకేతం వచ్చినప్పుడే అది మేలుకుంటోంది, బలం తగ్గగానే మళ్లీ మూతపడుతోంది.

మర్నాడు పొద్దున్నే ఆరు గంటలకు, గది 27 డిగ్రీలు ఉన్నప్పుడు కొలిస్తే అదే బిందువు దగ్గర ఐదు వోల్టుల లోపే ఉంది, పెడల్ చక్కగా పలికింది. అప్పుడు మొదటి ట్రాన్సిస్టర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మీటరు వైపు చూస్తూ కూర్చున్నాను. అర నిమిషంలో ముప్పావు వోల్టు పైకి పోయింది. వదిలేస్తే నెమ్మదిగా తిరిగి వచ్చింది. రెండో ట్రాన్సిస్టర్‌ను అలాగే పట్టుకుంటే అంకె పెద్దగా కదలలేదు. ఇన్ని రోజుల శ్రమలో నాకు నిజంగా ఏదైనా తెలిసింది ఆ రెండు నిమిషాల్లోనే.

జెర్మేనియంలో ఎలక్ట్రాన్లు విడుదల కావడానికి దాటవలసిన శక్తి అంతరం దాదాపు 0.66 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్‌లో అది 1.12. అందువల్ల బేస్‌కు మనమేమీ ఇవ్వకపోయినా జెర్మేనియం ట్రాన్సిస్టర్ గుండా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. రేడియో మెకానిక్కులు దీన్నే లీకేజీ అంటారు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఇది దాదాపు రెట్టింపవుతుంది. ఫిబ్రవరి నాటి 25 నుంచి ఏప్రిల్ మధ్యాహ్నం 40కి చేరితే రెట్టింపు దాటి దాదాపు మూడింతలన్నమాట. ఇక సర్క్యూట్ సంగతి. 33 కె రెసిస్టర్ వల్ల మొదటి ట్రాన్సిస్టర్‌లో పావు మిల్లీయాంప్ కరెంటు మాత్రమే పారగలదు. గెయిన్ 80 అయితే దానికి మూడు మైక్రోయాంప్‌ల బేస్ కరెంటు చాలు. చల్లగా ఉన్నప్పుడు అందులో ఒక మైక్రోయాంప్ లీకేజీయే సమకూర్చి, మిగతా రెండూ రెండో ఎమిటర్ నుంచి వచ్చే 100 కె ద్వారా అందుతాయి. వేడిలో లీకేజీ ఒక్కటే 2.8 మైక్రోయాంప్‌లు ఇచ్చేస్తుంది. 100 కె ద్వారా రావలసింది దాదాపు ఏమీ మిగలదు. అది ఏమీ తేనక్కరలేదంటే రెండో ఎమిటర్ దగ్గర వోల్టేజీ పడిపోవాలి, అది పడిపోతే రెండో ట్రాన్సిస్టర్‌లో కరెంటు తగ్గాలి, కరెంటు తగ్గితే కలెక్టర్ బ్యాటరీ వైపుకు ఎగబాకాలి. నా కాగితం మీది 0.12, 7.4 చెబుతున్నది సరిగ్గా ఇదే. రెండో ట్రాన్సిస్టర్‌ను పట్టుకున్నప్పుడు అంకె కదలకపోవడానికీ ఇదే కారణం. దానిలో ఎంత కరెంటు పారాలో నిర్ణయించేది మొదటిదే.

అంటే పెడల్‌లో లోపమేమీ లేదు. నిర్మాణం సరిగానే ఉంది, ప్రతి భాగమూ తన ధర్మం ప్రకారమే నడుచుకుంది. ఇరవై డిగ్రీల గదిని మనసులో పెట్టుకుని గీసిన బొమ్మను నేను నలభై డిగ్రీల గదిలో ఏ మార్పూ లేకుండా నడపాలనుకోవడమే తప్పు. విడిభాగాల పట్టికలో గది ఉష్ణోగ్రతను ఎవరూ రాయరు. ఈ సర్క్యూట్ మాత్రం దాన్ని ఒక విడిభాగంగానే వాడుకుంటుంది.

అసలు ఎన్‌కేటీ275 అనే పేరు మీద ఎంత మోజు ఉందో ఈ పని చేసేవారికి తెలుసు. ఆ ముద్ర ఉన్న ట్రాన్సిస్టర్ల కోసం వేల రూపాయలు పెట్టేవారున్నారు, ఆ ముద్రను కొత్తగా వేసి అమ్మేవారూ ఉన్నారు. ఆ డబ్బు చాలావరకు వృథా అని నా గట్టి అభిప్రాయం. జెర్మేనియం కాలంలో ఒకే నంబరుతో, ఒకే కర్మాగారం నుంచి వచ్చిన ట్రాన్సిస్టర్ల మధ్య కూడా గెయిన్‌లో, లీకేజీలో రెండు మూడింతల తేడా ఉండేది. అందుకే అప్పటి ఫజ్ ఫేస్ పెడళ్లలో ఒకటి అద్భుతంగా, పక్కది నిస్సారంగా పలికేవి. మంచి పెడల్ కావాలంటే చాలావాటిలో ఏరుకోవలసి వచ్చేది. చెవికి చేరేది ట్రాన్సిస్టర్ గెయిన్, లీకేజీల ఫలితమే. ఆ రెండూ మనం ఇంట్లో కొలుచుకోగలిగినవే.

కొలిచే పద్ధతిని ఆర్.జి. కీన్ అనే అమెరికా ఇంజనీరు పెడల్ తయారీదారుల్లో ప్రచారంలోకి తెచ్చాడు. అదెంత సులువంటే దీన్ని తెలియకుండా జెర్మేనియం ముట్టుకోకూడదని నాకనిపిస్తుంది. ఎమిటర్‌ను 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కు కలపాలి. కలెక్టర్‌ను 2.47 కె రెసిస్టర్ ద్వారా మైనస్‌కు కలపాలి. మన దుకాణాల్లో దొరికే 2.2 కె, 270 ఓములు వరుసగా కలిపితే సరిగ్గా ఆ విలువ వస్తుంది. బేస్‌ను దేనికీ కలపకుండా ఆ రెసిస్టర్ల మీద వోల్టేజీ చూస్తే అది లీకేజీ. ఇప్పుడు బేస్‌ను 2.2 మెగాఓముల ద్వారా మైనస్‌కు కలిపితే దాదాపు 4 మైక్రోయాంప్‌లు బేస్‌లోకి చేరతాయి. రెండో కొలత నుంచి మొదటి కొలతను తీసివేసి వందతో గుణిస్తే నిజమైన గెయిన్ వస్తుంది. నా మొదటి ట్రాన్సిస్టర్ 25 డిగ్రీల దగ్గర 0.20, 0.99 చూపింది. అంటే గెయిన్ 79, లీకేజీ 80 మైక్రోయాంప్‌లు. మల్టీమీటర్ సాకెట్ చెప్పిన 88లో లీకేజీ కూడా కలిసిపోయి ఉందని అప్పుడు అర్థమైంది. అదే ట్రాన్సిస్టర్ మధ్యాహ్నం వేడిలో బేస్ కలపకుండానే 0.56 చూపింది.

ఒక జాగ్రత్త తప్పనిసరి. ట్రాన్సిస్టర్‌ను వేళ్లతో పట్టుకుని సాకెట్‌లో పెట్టాక కనీసం ఐదారు నిమిషాలు దాని జోలికి పోకూడదు. వేలి వేడి దిగిపోయేదాకా అంకె కదులుతూనే ఉంటుంది, కదులుతున్న అంకెను రాసుకుంటే నా మొదటి పొరపాటు మళ్లీ చేసినట్టే. ఇరవై రెండింటినీ కొలవడానికి నాకు ఒక ఆదివారం పట్టింది. మూడు పూర్తిగా చచ్చిపోయినవి. ఆరింటి లీకేజీ ఎంత ఎక్కువంటే వాటిని పక్కన పెట్టడమే మేలు. మిగిలిన వాటిలో ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది: గెయిన్ 72, లీకేజీ కొలత 0.07 మాత్రమే. మల్టీమీటర్ సాకెట్‌లో తక్కువ అంకె చూపిందని ఫిబ్రవరిలో నేను పక్కన పడేసింది దాన్నే.

ఇంత తంటా ఎందుకు, సిలికాన్ వాడితే సరిపోదా అని అడిగేవారున్నారు. వారి మాటలో బలం ఉంది. 1960ల చివరికే ఆర్బిటర్ సంస్థ స్వయంగా బీసీ108 వంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లకు మారింది. వేదిక మీద, ఎండలో, ఊరూరా తిరిగి వాయించేవారికి నేనూ సిలికానే సూచిస్తాను. కాని వాటి గెయిన్ చాలా ఎక్కువ కావడంతో ధ్వనికి పదునూ, రొదా పెరుగుతాయి, ఒక్కోసారి రేడియో స్టేషన్లు కూడా వినిపిస్తాయి. గిటారు మీది వాల్యూమ్ నాబ్ కొద్దిగా తగ్గించగానే ఫజ్ కరిగిపోయి తీగల అసలు నాదం గంటలా బయటికి రావడం నాకు ఈ పెడల్‌లో అన్నిటికన్నా ప్రియమైన గుణం, అది నా చెవికి జెర్మేనియంలోనే నిండుగా దొరికింది. ఆ గుణం కావాలనుకునేవారు వేడిని లెక్కించడం నేర్చుకోక తప్పదు.

ఆ గుణం గురించే ఒక మాట, ఎందుకంటే దాన్ని కూడా చాలామంది లోపంగా పొరబడతారు. ఫజ్ ఫేస్ గిటారులో తీగల కంపనాన్ని పట్టే పికప్‌లకు నేరుగా తగులుకుని వాటితో కలిసి పనిచేస్తుంది. మధ్యలో బఫర్ (సంకేతాన్ని పికప్ నుంచి వేరుచేసి పంపే భాగం) ఉన్న మరో పెడల్ పెడితే ఆ బంధం తెగి ధ్వని కర్కశమవుతుంది, నాబ్ తగ్గించినా శుభ్రపడదు. సర్క్యూట్‌ను అనుమానించేముందు కేబుల్ పీకి నేరుగా గిటారుకు పెట్టి వినాలి. అలాగే ప్లస్ గ్రౌండ్ పెడల్‌ను మిగతా పెడళ్లతో పాటు ఒకే అడాప్టరుకు గొలుసుగా కలిపితే సరఫరా షార్ట్ అవుతుంది. దీనికి బ్యాటరీయే మంచిది, ఒక మిల్లీయాంప్ కూడా తాగని సర్క్యూట్ కాబట్టి అది నెలల తరబడి వస్తుంది.

నిజంగానే ధ్వని రాకపోతే మాత్రం వెతికే పద్ధతి రేడియో మెకానిక్కులదే. మామ దుకాణంలో మూగబోయిన రేడియో వస్తే ముందు వాల్యూమ్ కంట్రోల్ నడిమి కాలు మీద వేలు పెట్టేవాడు. స్పీకరులో బుర్రుమంటే అక్కడినుంచి చివరిదాకా బాగున్నట్టు, తప్పు దానికి ముందు ఉన్నట్టు. ఒక్క స్పర్శతో సగం రేడియో నిర్దోషి అని తేలేది. పెడల్‌కైతే దీన్ని తిరగేసి, ఆంప్లిఫయర్ నుంచి వచ్చే తీగ చివర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కట్టి, గిటారు మోగుతుండగా ఇన్‌పుట్ నుంచి ఒక్కో బిందువునూ తాకుతూ పోతే ధ్వని ఎక్కడ ఆగిందో చెవికే తెలుస్తుంది. ఐరన్ వేడెక్కడానికి పట్టే సమయంలోనే ఇదంతా పూర్తవుతుంది.

చివరికి పెడల్‌ను కొత్త బోర్డు మీద మళ్లీ కట్టాను. మొదటి స్థానంలో 72 గెయిన్ ట్రాన్సిస్టర్ వచ్చింది. ప్రీసెట్ తీసేసి, 5.6 కె స్థిర రెసిస్టర్‌కు వరుసగా 10 కె పాట్ కలిపి, దాని కాండం పెట్టె బయటికి తెచ్చి మూడో నాబ్‌గా బిగించాను. ట్రాన్సిస్టర్లకు సాకెట్లు పెట్టాను, ఇక వాటి కాళ్లకు ఐరన్ తగలదు. 25 డిగ్రీల దగ్గర 4.5కు సరిచేసి, మే నెల మధ్యాహ్నం 40లో ఏదీ ముట్టుకోకుండా కొలిస్తే 5.6 ఉంది. మూడో నాబ్ పావు వంతుకు పైగా తిప్పితే మళ్లీ 4.5కు వచ్చింది. అంకెలు ఫోనులో చదివి వినిపిస్తే మామ, "వానాకాలం గూడ ఒకపారి చూసి రాసిపెట్టు" అన్నాడు. పెట్టె మూత లోపలి వైపు అంటించిన కాగితం మీద తేదీ, గది ఉష్ణోగ్రత, రెండో కలెక్టర్ వోల్టేజీ అని మూడు గడులు గీశాను. ఇప్పటికి ఎనిమిది వరుసలు నిండాయి.